నడిచిన గూళ్ళు

బళ్ళారి దిక్కున హచ్చొళ్ళికి కాస్త ఎగువన, తుంగభద్ర నడిమధ్యలో ఒక ఇసుక గడ్డ ఉంది. దాని మాట ఎత్తితే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జనం ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. పొద్దు గుంకాక అటు కన్నెత్తి చూడరు. చేపలు పట్టేవాళ్ళు కూడా తమ గుండ్రటి పుట్టి పడవను అవతలి ఒడ్డు వెంట తిప్పుకుని పోతారు — దగ్గర దారి గడ్డ పక్కనే ఉన్నా సరే.

ఎందుకని అడిగితే ఒకటే మాట.

"ఆడ సౌభాగ్యమ్మ ఉండాది."

ఎప్పటిదో ఒక వరదలో పసిబిడ్డల్ని పోగొట్టుకుని, వాళ్ళను వెతుక్కుంటూ నీళ్ళలోకి దిగి... మళ్ళీ తేలని ఆడమనిషి. ఆ గడ్డ మీద పిట్టలు పెట్టే గుడ్లే తన బిడ్డలనుకుంటుంది. ఎవరైనా ఒక్క గుడ్డు ఎత్తుకుపోయారా — ఆ రాత్రే వాళ్ళింటి తలుపు తడుతుంది. గట్టిగా కాదు. మెల్లిగా... తడి వేళ్ళతో. "నా బిడ్డ యాడ?" అని ఒక్కసారే అడుగుతుంది. రెండోసారి అడగదు. ఎందుకు అడగదో చెప్పేందుకు విన్నవాడు ఎవడూ మిగల్లేదు.

ఇది విన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. కాని నాకు చెప్పినాయన మాత్రం నవ్వుతూ చెప్పాడు. నవ్వడా మరి, ఆ దెయ్యాన్ని పుట్టించింది ఆయనే.

ఆయన పేరు హొన్నూరుస్వామి. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి పుట్టి నడిపి కాయలు కాచిన చేతులు. ఆ గడ్డకు కాపలాదారు. దాన్ని పక్షుల కోసం రక్షిత వనమని ప్రకటించి డిపార్ట్‌మెంటువాళ్ళు బోర్డు పాతారు. వనం అని పేరేగాని అక్కడ ఉన్నవి రెండు తుమ్మచెట్లు, కొన్ని బండలు, మిగతాదంతా ఇసుక. ఎండాకాలం నది సన్నబడినప్పుడు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి పిట్టలు వస్తాయి. తలకు నల్ల టోపీ పెట్టినట్టుంటుంది, ముక్కు పసుప్పచ్చన, తోక కత్తెరలా చీలి ఉంటుంది. ఇవి సముద్రం మీద తిరిగే పక్షుల చుట్టాలే, నది వెంట లోపలిదాకా వచ్చి స్థిరపడ్డాయి అని ఆఫీసువాళ్ళు చెప్పినప్పటి నుంచి ఊళ్ళో అందరూ వాటిని సముద్రం పిట్టలు అంటున్నారు. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని హొన్నూరుస్వామికి ఆ పేరంటే మహా మురిపెం. సముద్రమే తనింటికి చుట్టమై వచ్చినట్టు చెప్పుకునేవాడు.

గూడంటే కొమ్మా పుల్లా ఏమీ ఉండదు. ఇసుకలో అరచేయంత గుంట, అందులో మూడు గుడ్లు, ఇసుక రంగులోనే మచ్చలు మచ్చలుగా. తెలియని మనిషి అడుగేస్తే ఆ అడుగు కిందే చితికిపోతాయి.

రెండేళ్ళుగా అక్కడ ఒక్క పిల్ల కూడా బతకలేదు. మొదటి ఏడు, ఆ గుడ్లు ఆయాసానికి మందని ఎవడో పుణ్యాత్ముడు పుకారు పుట్టిస్తే జనం గంపలతో దిగారు. రెండో ఏడు బళ్ళారి కుర్రకారు పుట్టినరోజు పండగ చేసుకోడానికి వచ్చింది. పాటల పెట్టె, టపాసులు, సెల్‌ఫోన్లలో రీల్సు. లేచిన పిట్టలు మళ్ళీ దిగలేదు. గుడ్లు ఎండకు ఉడికిపోయాయి.

"మూడో సారి కూడా ఇట్లే అయితే అవి ఈ గడ్డను మర్చిపోతాయి, హొన్నూరప్పా. ఇంక రావు." — ఫారెస్టు గార్డు వినూత మేడం చెప్పిన మాట. చిన్నపిల్ల, మొన్ననే ఉద్యోగంలో చేరింది, స్కూటీ మీద వస్తుంది. ఊరికే బెదిరించే రకం కాదు.

ఆ మాట హొన్నూరుస్వామికి ముల్లులా గుచ్చుకుంది. డిపార్ట్‌మెంటు ఆయనకిచ్చిన ఆయుధాలు ఒక విజిలు, ఒక టార్చి లైటు, బోర్డు మీద రాసిన జరిమానా. జరిమానా చూసి జనం నవ్వుకున్నారు. చట్టానికి భయపడనివాళ్ళు మరి దేనికి భయపడతారు? ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లారి నేరుగా సుబ్బరామి టీ హోటలుకు పోయాడు.

సుబ్బరామి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి తాలూకా అంతా తెలుసు.

"సుబ్బరామీ... ఎవురికీ చెప్పొద్దప్పా. రాత్రి గడ్డ మీద ఏందో చూసినా..."

అంతే. పని అయిపోయింది.

పది రోజులకు ఆ కథ సిరుగుప్ప మీదుగా బళ్ళారి పోయి, బస్సెక్కి తిరిగొచ్చింది. ఆయన పంపినప్పుడు దెయ్యానికి తడి వేళ్ళు మాత్రమే ఉన్నాయి. వచ్చేటప్పుడు కాలికి గజ్జెలు, చేతిలో లాంతరు, వెనక్కి తిరిగిన పాదాలు కూడా సంపాదించుకుని వచ్చింది. బస్సు కండక్టరు ఆ కథను తన బావమరిదికి జరిగినట్టే హొన్నూరుస్వామికి చెప్పి, "జాగ్రత్తప్పా, నువ్వు ఆడే పండుకుంటావు" అని భుజం కూడా తట్టాడు. నది పక్క ఊళ్ళలో తలుపుల మీద రేపు రమ్మని కన్నడంలో "నాళె బా" అని రాతలు వెలిశాయి. ఆ దెయ్యానికి ఏ బాసలో చదువొచ్చో తెలీదు కదా, ముందుజాగ్రత్తకు దాని కిందనే తెలుగులో కూడా రాశారు.

ఒక్క నరపురుగు కూడా గడ్డ వైపు రాలేదు. నలభై గూళ్ళు నిండాయి.

హొన్నూరుస్వామి ఈ కథను పెండ్లాం కొట్రమ్మకు కూడా ముఖం కదలకుండా చెప్పాడు. ఆడవాళ్ళు బావి దగ్గర ఒకరి నోటి నుంచి ఒకరికి చేరవేస్తేనే గదా కథకు బలం. కొట్రమ్మ జొన్నరొట్టె తడుతూ అంతా విన్నది. ఒక్కటే అడిగింది.

"పేరేమన్నావు?"

"సౌభాగ్యమ్మ."

"ఓహో" అని రొట్టెను ఇంకాస్త గట్టిగా తట్టింది. అప్పుడు ఆయన దాన్ని పట్టించుకోలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. గుడ్లు పగలడానికి ఇంకా పది పన్నెండు రోజులుందనగా వినూత మేడం ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"దిగువ ఊళ్ళకు తాగునీళ్ళు కావాలని డ్యామ్ నుంచి వదుల్తాండారు, హొన్నూరప్పా. రోజుకింత పెంచుతా పోతారు. ఐదో రాత్రి ఎక్కువ వస్తాదంట."

ఇద్దరూ ఒడ్డున నిలబడి చూశారు. మిట్ట మీద ఉన్న గూళ్ళకు భయం లేదు. కాని నీళ్ళ అంచున పల్లంలో ఏడు గూళ్ళున్నాయి. ఆరు ఒక పక్కన, ఏడోది మాత్రం విడిగా, గడ్డ చివరి కొమ్మున, మధ్యలో ఒక లోతు మడుగు అవతల.

"ఆ ఏడింటినీ రవ్వంత పైకి జరుపుదాం మేడం."

"బేడప్పా, వద్దు! మనం గూడు ముట్టుకోకూడదు, రూలు. పిట్ట వదిలేసి పోయిందంటే పాపం మనది. నేను పైకి రాసినా, పర్మిషన్ వస్తే చేద్దాం. అంతవరకు నువ్వు చెయ్యి పెట్టినావంటే నీ పని పోతాది, నాది కూడా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పాపం పూజారికి ఇవ్వాలనే ఉంది, దేవుడి దగ్గర నుంచే కాగితం రాలేదు. హొన్నూరుస్వామి ఆ ఏడు గూళ్ళ పక్కన ఏడు గుండ్రాళ్ళు పెట్టి, వాటి మీద సున్నంతో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేశాడు. అది అక్కడి పద్ధతి, ఏ గూడు ఏమైందో తెలియడానికి. ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి సంగటి ముందు కూచుంటే ముద్ద దిగలేదు.

"మునిగిపోతాయే కొట్రమ్మా. కండ్ల ముందరే మునిగిపోతాయి."

కొట్రమ్మ ఇంకొంచెం పులుసు పోసింది.

రాత్రిళ్ళు ఆయన పడక నది ఒడ్డున రెల్లుగుడిసెలో. చీకటి పడ్డాక గడ్డ మీద కాపలాదారు కూడా అడుగు పెట్టకూడదు. పిట్టలు బెదిరి లేస్తే గుడ్లు చల్లబడిపోతాయి. అందుకని ఇవతలి నుంచే చూస్తూ పడుకునేవాడు.

మొదటి రాత్రి జానెడు నీళ్ళు పెరిగాయి. తెల్లారి పుట్టిలో పోయి చూశాడు. గూళ్ళ దాకా నీళ్ళు రాలేదు. హమ్మయ్య అనుకుని తిరగబోయి... ఆగాడు.

నిన్న నాలుగో నంబరు గూడు ఆ చీలిన బండకు ఎదురుగా కదా ఉన్నది?

ఇప్పుడు బండ దాటి మిట్ట వైపుకు ఉంది.

నా కండ్లే చెడినాయిలే అనుకున్నాడు. అయినా మనసు ఊరుకోక, ఒక్కో గూటి పక్కన ఒక్కో తుమ్మపుల్ల గుచ్చి వచ్చాడు.

రెండో రాత్రి గడిచి తెల్లారాక... పుల్లలు గుచ్చినచోటే ఉన్నాయి. గూళ్ళు లేవు. ఆరు గూళ్ళూ, వాటి గుడ్లతో, వాటి గుండ్రాళ్ళతో సహా, జానెడు పైకి పోయి కూచున్నాయి. తల్లిపిట్టలు ఏమీ ఎరగనట్టు వాటి మీద పొదుగుతున్నాయి.

గూళ్ళు నడుస్తున్నాయి!

ఏడోది మాత్రం మడుగు అవతల ఉన్నచోటే ఉంది.

దగ్గరకు పోయి గుండ్రాళ్ళు చూశాడు. ఆయన వేసిన అంకెల పక్కన, బూడిద రంగులో... వేళ్ళ గుర్తులు. సన్నటి వేళ్ళు. ముట్టుకుంటే నిజంగానే బూడిద. ఆ గడ్డ మీద పొయ్యి లేదు, మంట లేదు. బూడిద ఉండే చోటు ఆ దాపున ఒకటే — దిగువన ఊరి శ్మశానం.

హొన్నూరుస్వామికి ఎండలో చలి పుట్టింది.

ఎవరితో చెప్పుకుంటాడు? గడ్డ మీద నిజంగా దెయ్యముంది అంటే, "మాకు తెలీదా, నువ్వే కదప్పా చెప్పినావు" అంటారు. లేదప్పా, అప్పుడు చెప్పింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం అంటే, జనానికి ఉన్న భయం కాస్తా పోయి మర్నాడే గంపలతో దిగుతారు. తాను కట్టిన ముడి తన పళ్ళకే వచ్చింది. నోరు కుట్టేసుకున్నాడు.

మధ్యాహ్నం తిండికి పోతే కొట్రమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ కునుకు తీసింది.

"రాత్రి నిద్ర లేదా ఏంది?"

"దోమలు" అంది.

మూడో రాత్రి. అమావాస్య దగ్గర పడింది. చీకటి కాటుకలా ఉంది. హొన్నూరుస్వామి దుప్పటి ముసుగు తన్ని, ఒక కన్ను మాత్రం బయట పెట్టుకుని పడుకున్నాడు.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు...

అప్పుడు వినపడింది. గడ్డ మీద నుంచి... ఆడగొంతు. పాట కాదు, ఏడుపు కాదు. పసిబిడ్డను జోకొట్టేటప్పుడు నోరు తెరవకుండా తీసే రాగం. ఒక్కచోట లేదది. మెల్లిగా కదులుతోంది. ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది.

అంతకంటే ఆయన్ని భయపెట్టింది ఇంకొకటి. పిట్టలు లేవలేదు. మనిషి అడుగు పడితే నలభై జంటలూ ఒక్కసారి లేచి, కీచుమని అరుస్తూ నెత్తి మీద పొడుస్తాయి. తనకే ఎన్నోసార్లు నెత్తురొచ్చింది. అవి లేవలేదంటే...

ఆ నడిచేది మనిషి కాదు.

"సౌభాగ్యమ్మ తల్లీ" అన్నాడు దుప్పటి లోపల, తనకే వినపడనంత మెల్లిగా. "నేను ఊరికే అన్నా తల్లీ... జనం రాకుండా ఉంటారని... తప్పయిపోయింది." తాను పుట్టించిన దెయ్యానికి తానే దండం పెట్టినవాడు ఆ జిల్లా మొత్తానికి హొన్నూరుస్వామి ఒక్కడే అయ్యుంటాడు.

నాలుగో రాత్రి కూడా గడిచాక చూస్తే ఆరు గూళ్ళు ఇంకో రెండు జానలు ఎక్కాయి. ఏడోది మాత్రం కదల్లేదు. నీళ్ళు దానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. భయం ఒక పక్కన ఉన్నా, దాని వంక చూస్తే ఆయనకు దిగులేసింది. "అన్నిటినీ జరిపినదానివి దీన్నొక్కటీ జరపగూడదా తల్లీ? దెయ్యానికి కూడా ఈత రాదా ఏంది?" అని నిష్ఠూరమాడాడు. అన్నాక నాలిక కరుచుకుని, గబగబా పుట్టి ఎక్కేశాడు.

ఐదో రాత్రి వచ్చింది.

చీకటి పడినప్పటి నుంచే నది గొంతు మారింది. మామూలుగా గొణిగే నీళ్ళు ఆ రాత్రి బుసకొడుతున్నాయి. హొన్నూరుస్వామి ఒడ్డున పుల్ల పాతి, టార్చి వేసి చూస్తూ కూచున్నాడు. జానెడు. రెండు జానలు. మూరెడు.

టార్చి ఎత్తి గడ్డ మీదికి వేశాడు...

తెల్లగా ఏదో కదిలింది.

నేలకు వంగి ఉంది. మోకాళ్ళ మీద పాకుతోంది. మోచేతుల దాకా చేతులు తెల్లగా... పాలిపోయినట్టు... బూడిద రంగులో. ఆ రెండు చేతుల మధ్య ఏదో పదిలంగా పట్టుకుని ఉంది.

టార్చి చేతిలోంచి జారి ఇసుకలో పడింది.

పారిపోదామని కాళ్ళు అన్నాయి. కాళ్ళ మాట వినుంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. కాని ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. దెయ్యమైతే సరే. దెయ్యం వేషం వేసుకున్న దొంగైతే? గుడ్లు ఎత్తుకుపోతుంటే? మూడో ఏడు కూడా గడ్డ ఎండిపోతే? ఆ ఆలోచనతో భయం కంటే కోపం ఒక మెట్టు పైకి లేచింది. పుట్టిని నీళ్ళలోకి తోసి ఎక్కాడు. తెడ్డు వేస్తుంటే పళ్ళు టకటకమంటున్నాయి. నోట్లో ఆంజనేయుడు, ఎల్లమ్మ, హొన్నూరు దర్గా స్వామి అందరూ కలగలిసిపోయారు.

పుట్టి ఇసుకను తాకింది. దిగాడు.

పది అడుగుల దూరంలో ఆ ఆకారం ఆగింది. రాగం ఆగింది. మెల్లిగా... తల తిప్పింది.

"యో..." అని గుసగుసగా అంది. "అరిచినావంటే పిట్టలన్నీ లేస్తాయి. నోరు మూసుకుని ఆ చేట ఇట్ల పట్టు."

కొట్రమ్మ!

ఆమె పాత తెల్లచీర మోకాళ్ళ దాకా ఎగగట్టుకుంది. చేతుల నిండా నీళ్ళపొయ్యిలోని బూడిద.

"నువ్వా... నువ్వేందే..."

"మాటలు తర్వాత. ఆరోది ఇంకా కిందనే ఉండాది."

ఆయన చేట పట్టాడు. ఆమె గుడ్లను ఒక్కొక్కటిగా చేటలోకి తీసి, పైన గుంట చేసి, వాటిని అందులో పేర్చి, గుండ్రాయిని పక్కన పెట్టింది. తల్లిపిట్ట రెండడుగుల దూరంలో నిలబడి గొణిగిందే గాని లేవలేదు. ఆ రాగం దానికి అలవాటైపోయింది.

"పొదిగే కోడి గంపను ఒకేసారి ఎత్తి వేరేచోట పెడితే కోడి కూచోదు" అంది కొట్రమ్మ, అదే గుసగుసతో. "దినానికి జానెడు జరపాల. చేతి వాసన అంటకుండా బూడిద పూసుకోవాల. నిలబడి పోకూడదు, పాకుతా, నోట్లో ఒకటే రాగం తీస్తా పోవాల. మా అమ్మ నేర్పింది. కోడైతేనేం, సముద్రం పిట్టైతేనేం... తల్లి తల్లే గదా."

"యాడ నుంచి వచ్చినావు?"

"బట్టలుతికే బండల మీద నుంచి. నాలుగు రాత్రులూ మోకాటి లోతు దాటలే. ఈపొద్దు వచ్చేటప్పుడే నడుం దాకా ఉండాది. ఇప్పుడు బండలే కనపడ్తాలేవు."

హొన్నూరుస్వామి ఆ వైపు చూశాడు. నల్లటి నీళ్ళు తప్ప ఏమీ లేదు. తాను దుప్పటి ముసుగులోనే ఉండిపోయుంటే ఈ మనిషి ఏమైపోయుండేది? అది తలచుకునేసరికి దెయ్యాన్ని చూసినప్పుడు రాని వణుకు అప్పుడొచ్చింది.

"నాకు చెప్తే ఏం పోయేది?"

"నువ్వు ముట్టుకుంటే నీ పని పోతాది. నీకు చెప్పి నేను ముట్టుకున్నా నీ పని పోతాది. దెయ్యం ముట్టుకుంటే ఎవురి పని పోతాది చెప్పు?"

ఆయన చేటలోని ఇసుక దులిపాడు.

"నీకు భయం కాలేదా? నిజంగానే ఆ సౌభాగ్యమ్మ ఉండింటే?"

కొట్రమ్మ చీకట్లోనే మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"అది నీ కడుపులో పుట్టిన దెయ్యమని పేరు వింటానే తెలిసింది. నన్ను చేసుకోకముందు కప్పగల్లులో ఒక పిల్లను చూసొచ్చినావు గదా... ఆ పిల్ల పేరేంది?"

హొన్నూరుస్వామి నీళ్ళు నమిలాడు.

"సౌభాగ్య! ఆ యమ్మ బళ్ళారిలో నిక్షేపంగా ఉండాది, మూడంతస్తుల మిద్దె కట్టుకుని. ముప్పై ఏండ్లయినా దెయ్యానికి పేరు పెట్టాలంటే నీ నోటికి ఆ పేరే వచ్చిందే!"

"ఊరికే... తోచినాది పెట్టినా..."

"సరే సరే. ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం."

అప్పుడు గడ్డ చివరి నుంచి ఒక పిట్ట అరిచింది. ఒంటరిగా, ఆపకుండా. ఇద్దరూ అటు తిరిగారు.

ఏడో గూడు.

"నేను దాని దగ్గరికి ఒక్కసారి కూడా పోలేదు" అంది కొట్రమ్మ. "మడుగు దాటలేను. నువ్వు పుట్టి తిప్పు, చూద్దాం."

తిప్పాడు. మడుగు దగ్గర నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. పుట్టి బొంగరంలా గిర్రున తిరిగి, రెండుసార్లు ఒరిగి, లోపలికి నీళ్ళు కొట్టింది. మూడోసారి పోబోతే కొట్రమ్మ ఆయన రెట్ట పట్టుకుంది.

"వద్దు. నువ్వు పోతే నాకు యాడ దొరుకుతావు?"

ఒడ్డుకు తిరిగొచ్చారు. గుడిసె ముందు ఒకే దుప్పటి కప్పుకుని కూచున్నారు. ఆ పిట్ట చాలాసేపు అరిచింది. తర్వాత ఒక్కసారిగా ఆపేసింది. కొట్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హొన్నూరుస్వామి దుప్పటిని ఆమె భుజాల మీదికి లాగాడు.

తెల్లారింది. నీళ్ళు పెరగడం ఆగింది. స్కూటీ దిగి వినూత మేడం బైనాక్యులర్‌తో గడ్డ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"హొన్నూరప్పా... ఏడూ ఉండాయి!"

"ఆరు మేడం" అన్నాడు ఆయన.

"ఏడప్పా. నువ్వే చూడు."

ముగ్గురూ పుట్టిలో పోయారు. గడ్డ చివరి కొమ్ము నడుం లోతు నీళ్ళలో ఉంది. మిట్ట మీద ఆరు గూళ్ళ పక్కన, అదే వరసలో, ఏడో గుంట. మూడు గుడ్లు. వాటి మీద తల్లి. పక్కన ఏడో గుండ్రాయి.

హొన్నూరుస్వామి కొట్రమ్మను చూశాడు. కొట్రమ్మ ఆయన్ను చూసింది. రాత్రంతా ఒకే దుప్పటి కింద ఉన్నారు.

ఆరు రాళ్ళ మీద బూడిద ఉంది. ఏడో రాతి మీద లేదు. ఎండ చుర్రుమంటోంది, చుట్టూ ఇసుక పొడిపొడిగా ఉంది. ఆ రాయి మాత్రం ఇంకా తడిగా ఉంది... ఐదు వేళ్ళు ఆనినంత మేర.

మడుగు వైపు నుంచి గూటి దాకా అడుగులున్నాయి. ఆడ అడుగులు. కొట్రమ్మ తన పాదం పక్కన పెట్టి చూసింది. అవి అంగుళం చిన్నవి. వచ్చిన అడుగులే ఉన్నాయి... పోయినవి లేవు.

"ఇప్పుడు రిపోర్టులో ఏం రాయాల?" అంది వినూత, ముగ్గురిలోనూ చదువుకున్నది, రాయాల్సింది తనే కాబట్టి.

"దెయ్యం అని రాయండి మేడం."

ఆ పిల్ల ఆయన్ను కాసేపు చూసి, ఆరు రాళ్ళ మీది బూడిదను చూసి, కొట్రమ్మ గోళ్ళ సందుల్లోని బూడిదను చూసి, ఏమీ అడక్కుండా రాసుకుంది: "నీరు పెరిగినందున గూళ్ళు ఎత్తైన స్థలానికి మారినవి." ఎవరు మార్చారో రాయలేదు. అడిగినవాళ్ళూ లేరు.

వారానికి గుడ్లు పగిలాయి. అందరికంటే ముందు పగిలింది ఏడో గూడే. ఇసుక ముద్దకు కాళ్ళొచ్చినట్టున్న మూడు పిల్లలు. ఒడ్డు నుంచి బైనాక్యులర్‌లో చూస్తూ హొన్నూరుస్వామి చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, సిగ్గేమీ పడలేదు.

ఆ సాయంత్రం కొట్రమ్మ బొరుగులతో ఉగ్గాని చేసింది. వేడివేడిగా నాలుగు మిరపకాయ బజ్జీలు వేసింది. స్టీలు పళ్ళెంలో పెట్టి, ఒడ్డున బండ మీద ఉంచి, గడ్డ వైపు తిరిగి చేతులు జోడించింది.

"అమ్మా, నీ పేరేందో మాకు తెలీదు. ఈయన పెట్టిన పేరు నీకొద్దు, ఆ పేరు నాకూ నచ్చలే. మా పనిలో చెయ్యేసినావు. ఇంత తినిపో తల్లీ."

గడ్డ మీద పిట్టలన్నీ ఒక్క క్షణం సద్దుమణిగాయి. మళ్ళీ మామూలే.

తెల్లారి ఇద్దరూ పోయి చూస్తే ఉగ్గాని ఒక్క మెతుకు లేదు.

"కుక్కలు తినింటాయిలే" అన్నాడు హొన్నూరుస్వామి, ధైర్యంగా.

కొట్రమ్మ వేలు చూపించింది. పళ్ళెం శుభ్రంగా కడిగి, నీళ్ళు ఓడడానికి బండ మీద బోర్లించి ఉంది. దాని పక్కన నాలుగు మిరపకాయ తొడిమలు, వరసగా.